పేటవారి ఉమ్మడి పానశాల: ఓటు కంటే ముందు అరువు సంగతి తేల్చుకోండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఒడిశాలోని పర్లాకిమిడిలో మీ పేటలో అరవై కుటుంబాల దాకా ఉన్నాయి, సాయంత్రం పూట అందరూ కలిసి కూర్చునే చోటు లేదు. ఇంగ్లండులో ఊరివాళ్లే వాటాలు వేసుకుని నడుపుతున్న పానశాలల గురించి చదివి, అటువంటి దానిని మనిషికి ఒక ఓటు చొప్పున మీ పేటలో పెట్టవచ్చునా, పెడితే పని ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

మీ గజపతి జిల్లాలోనే ఒక సహకార టిఫిన్ హోటలుకు నేను పదకొండు సంవత్సరాలు కార్యదర్శిగా ఉన్నాను. దానిని తెరిచిన నాడు ఉన్నాను, మూసిన నాడూ ఉన్నాను. ఆ తరువాత ఇటువంటి ప్రయత్నాలు మరి రెండింటికి లెక్కలు చూసి పెట్టాను, ఆ రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి. మొదటిది ఎందుకు మూతపడిందో, తరువాతివి ఎందుకు నిలిచాయో దగ్గరుండి చూసినవాడిగా ఈ సమాధానం రాస్తున్నాను.

ముందు ఆ ఇంగ్లండు సంగతి. కంబ్రియా ప్రాంతంలోని హెస్కెట్ న్యూమార్కెట్ అనే చిన్న గ్రామంలో ఓల్డ్ క్రౌన్ అనే పానశాలను 2003లో ఊరివారు, దానికి అలవాటుపడిన చుట్టుపక్కలవారు కలిసి సహకార సంఘంగా ఏర్పడి కొనుక్కున్నారు. లండన్‌లో ఐవీ హౌస్ అనే పానశాల మూతపడినప్పుడు అక్కడి పేటవారు వాటాలు పోగుచేసి 2013లో దానిని మళ్లీ తెరిచారు. వారికి 2011లో వచ్చిన ఒక చట్టం తోడ్పడింది. స్థానికులకు విలువైన ఆస్తిగా ఒక భవనం నమోదై ఉంటే, అది అమ్మకానికి వచ్చినప్పుడు కొనుక్కోదలచిన స్థానిక సంఘానికి డబ్బు కూడదీసుకోవడానికి ఆరు నెలల గడువును ఆ చట్టం కల్పించింది. ఈ రెండు ఉదాహరణలలోనూ గమనించవలసిన విషయం ఏమిటంటే, వారెవరూ కొత్త అలవాటును తెచ్చి ఊరిలో నాటలేదు. తరతరాలుగా ఆడామగా వెళ్లి కూర్చుంటున్న చోటు చేజారిపోబోతే దానిని నిలబెట్టుకున్నారు. అందుచేత మీరు వేసుకోవలసిన ప్రశ్న, మన పేటలో ఇప్పటికే జనం ఎక్కడ కూడుతున్నారు, అక్కడికి ఎవరు రాలేకపోతున్నారు అన్నది.

మనవైపు మందు చుట్టూ కట్టిన చోటు సహకార పద్ధతిలో నడవదని అనను. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను కల్లుగీత కార్మికుల సహకార సంఘాలు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. చెట్టెక్కే గీత కార్మికులే సభ్యులు, దుకాణమూ వారిదే. అయితే అక్కడ సభ్యత్వం వృత్తిని బట్టి వస్తుంది, తాగడానికి వచ్చేవాడికి ఓటు ఉండదు. మీరు కోరుతున్నది అది కాదు. ఇక ఒడిశాలో మీరు లోబడవలసినది 2008 నాటి ఒడిశా ఎక్సైజ్ చట్టానికి. లైసెన్సు లేకుండా జీలుగు కల్లు అమ్మినా, ఇప్పసారా అమ్మినా నేరమే, సభ్యులకు మాత్రమే పోశామన్న మాట అక్కడ చెల్లదు. కూర్చోబెట్టి మద్యం పోసే చోటుకు లైసెన్సు రుసుములు అరవై కుటుంబాల చందాలతో తీరేవి కావు. మీ పేట పురపాలక పరిధిలో ఉంది. అదే గుమ్మ బ్లాకులో గాని, మన జిల్లాలోని రాయగడ బ్లాకులో గాని పెట్టదలచుకుంటే అవి షెడ్యూల్డు ప్రాంతాలు కనుక, అటువంటి గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం వర్తిస్తుంది. మత్తుపదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే అధికారం అక్కడ గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలని ఆ చట్టం చెబుతుంది. ఈ మాటలు చదివే మహారాష్ట్రలోని సిరొంచ వైపు తెలుగువారికి చెప్పవలసినది ఇంకా తక్కువ, గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది.

చట్టాన్ని పక్కన పెట్టినా నా అభిప్రాయం మారదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఏ ఇళ్లలోంచి వచ్చిందో మన పెద్దవాళ్లందరికీ తెలుసు. మందు దొరికే చోటికి మన ఆడవాళ్లు రారు, రావడానికి వారికి ఏ కారణమూ లేదు. పేటలో సగంమంది గడప తొక్కని చోటుకు పేట పేరు పెట్టడం నాకు సమ్మతం కాదు. పాతకాలపు రచ్చబండను మనం గొప్పగా చెప్పుకుంటాం గాని, దాని మీద ఎవరు కూర్చునేవారో, ఎవరు దూరంగా నిలబడేవారో గుర్తు చేసుకుంటే, అదే లోపంతో మళ్లీ ఒక చోటు కట్టబుద్ధి కాదు. అందుచేత మీకు నా సలహా టీ, కాఫీ, టిఫిన్, సాయంత్రం పూట వడ, ఘుగుని (ఉడికించిన బఠాణీల కూర), మరమరాలు దొరికే ఉమ్మడి హోటలు. దానికి ఆనుకుని ఒక వసారా, పత్రికలు, రెండు పెద్ద బల్లలు, పిల్లలు చదువుకోవడానికి మంచి దీపం ఉండాలి. ఇది మీరు కోరినదానికి తక్కువైనదని అనుకోకండి. మన దేశంలో ఇండియన్ కాఫీ హౌస్ పుట్టుక చూడండి. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేస్తుంటే, ఉద్యోగాలు పోయిన కార్మికులు కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో సహకార సంఘాలుగా ఏర్పడి 1957లో బెంగుళూరులో తొలి సంఘాన్ని పెట్టుకున్నారు. ఆ ఏడాది అక్టోబరులోనే ఢిల్లీలో కాఫీ హౌస్ తెరిచారు. మందు లేకుండానే అవి దేశమంతటా రచయితలకు, విద్యార్థులకు, కార్మిక నాయకులకు కూడలి స్థలాలయ్యాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇటువంటి చోటు ఎలా మూతపడుతుందని నన్నెవరైనా అడిగితే నేను చెప్పే ఒకే ఒక్క కారణం అరువు. తగాదాలు, ఎన్నికలలో పోటీలు, వంటవాడు మానేయడం వంటివన్నీ కనబడే కారణాలు, వాటి వెనుక దాదాపు ప్రతిసారీ అప్పు పుస్తకమే ఉంటుంది. లెక్క వేసి చూపిస్తాను, ఇవి కేవలం ఉదాహరణకు వేసిన అంకెలు, మీ పేట ధరలు పెట్టి మీరు మళ్లీ వేసుకోండి. రోజుకు 150 టీలు పది రూపాయల చొప్పున 1,500 రూపాయలు. 60 ప్లేట్ల టిఫిన్ ముప్పై రూపాయల చొప్పున 1,800. మొత్తం అమ్మకం 3,300. సరుకులకు అందులో సగం, అంటే 1,650 పోతుంది. ఇద్దరు పనివారికి చెరి ఐదువందల చొప్పున వెయ్యి, గ్యాసుకు 200, అద్దెకు, కరెంటుకు కలిపి 150. ఖర్చు 3,000, మిగులు 300. అమ్మకంలో పదో వంతు అరువుగా పోయి వసూలు కాలేదనుకోండి, అది 330 రూపాయలు. పదిమందిలో తొమ్మిదిమంది చేతిలో డబ్బు పెట్టి తాగినా, ఆ పదో మనిషి వల్ల హోటలు ప్రతిరోజూ ముప్పై రూపాయల నష్టంతో తలుపు మూస్తుంది. చిల్లర దుకాణదారు అరువిస్తే తన లాభంలోంచి సర్దుకుంటాడు, ఉమ్మడి హోటలులో సర్దుకోవడానికి అంత లాభం వేసుకోము.

డబ్బు నష్టం కంటే పెద్దది మరొకటి ఉంది, దానిని నేను చాలా ఆలస్యంగా గ్రహించాను. మా హోటలులో నాలుగో సంవత్సరం నాటికి సభ్యులలో మూడోవంతు మందికి బాకీలు ఉండేవి. సర్వసభ్య సమావేశానికి రావడం మొదట మానేసినవారు వారే. లెక్కలు చదివేటప్పుడు తమ పేరు వస్తుందేమోనన్న బెరుకు. వచ్చినవారు కూడా, బాకీ పుస్తకం ఎవరి చేతిలో ఉంటుందో ఆ మనిషి మాటకు ఎదురు చెప్పేవారు కారు, అతను ఎవరిని నిలబెడితే వారికే చెయ్యెత్తేవారు. అతను చెడ్డవాడు కాదు, ఎవరినీ బెదిరించలేదు. అయినా కాగితం మీద మనిషికి ఒక ఓటు అలాగే ఉండగా, నిజంలో ఓట్లన్నీ గల్లాపెట్టె దగ్గరికి చేరాయి. ఏడో సంవత్సరంలో కోరం చాలక రెండుసార్లు సమావేశం వాయిదా పడింది. ఆ రెండు సార్లూ మేము జనానికి ఆసక్తి లేదనుకున్నాము, అది పొరపాటు. వారికి ఆసక్తి ఉంది, తలెత్తుకుని వచ్చి కూర్చునే వీలు మేమే లేకుండా చేశాము.

దీనిని మనకంటే ముందే గ్రహించినవారున్నారు. ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది, నేతపనివారు చాలామంది, తలా ఒక పౌను కూడబెట్టి 1844 డిసెంబరు 21న ఒక చిన్న కొట్టు తెరిచారు. పిండి, వెన్న, పంచదార, ఓట్స్ పిండి, కొవ్వొత్తులు తప్ప అందులో సరుకు లేదు. వాటా ఎంతైనా ఓటు ఒక్కటే, మిగులును ఎవరు ఎంత కొన్నారో దానిని బట్టి పంచాలి, నగదుకే అమ్మాలి అన్నవి వారి నియమాలు. చివరిది వారు ఊరికే పెట్టుకోలేదు. అదే ఊరిలో దాదాపు పదేళ్ల ముందు పెట్టిన సహకార కొట్టు అరువుల వల్లనే మూతపడింది. ఆ నేతపనివారు మీ పేటవారి కంటే ఎన్నో రెట్లు పేదవారు, అరువు అవసరం వారికే ఎక్కువ ఉండేది. అయినా దానిని కాదనుకున్నారు.

అయితే చేతిలో డబ్బు లేనివాడు టీ తాగకూడదా అని మీ పేటలో తప్పక అడుగుతారు, అడగవలసిన ప్రశ్నే. దీనికి నేను చూసిన మంచి పద్ధతి ముందుచీటీలు. కూలి అందిన రోజున సభ్యుడు ఇరవై చీటీలు కొనుక్కుంటాడు, వారమంతా వాడుకుంటాడు. దానికి తోడు, స్తోమత ఉన్నవారు తమ బిల్లుతో పాటు మరొక టీ డబ్బు ఇచ్చి ఒక చీటీని గోడకున్న మేకుకు గుచ్చి పోతారు. అవసరమైనవారు ఎవరినీ అడగకుండా ఆ చీటీ తీసి ఇస్తారు. పేరు రాయరు, పుస్తకం ఉండదు. నేను లెక్కలు చూసిన రెండు చోట్లా ఈ మేకు ఉంది, అది ఖాళీ అయిన రోజు ఉన్నది గాని, దాని వల్ల తగాదా వచ్చిన రోజు లేదు.

ఓటు విషయంలో రెండు మాటలు. మొదటిది, వాటాను కుటుంబం పేర ఇవ్వకండి. కుటుంబం పేర ఇస్తే ఇంటి మగవాడు వచ్చి కూర్చుంటాడు. మనిషి పేర ఇవ్వండి, ఒక ఇంటి నుంచి భార్యాభర్తలిద్దరూ వేర్వేరుగా సభ్యులు కావాలని పట్టుబట్టండి, వాటా అందుకు తగినట్లు చిన్నదిగా ఉంచండి. వెయ్యి రూపాయల వాటా, నెలకు వంద చొప్పున పది వాయిదాలు పెడితే, అరవై ఇళ్ల నుంచి నూట ఇరవై మంది చేరినప్పుడు లక్షా ఇరవై వేలు వస్తాయి. పొయ్యి, పాత్రలు, బల్లలు, రెండు నెలల అద్దె, మొదటి నెల సరుకు దానితో అమరుతాయి. రెండోది, అన్నిటినీ ఓటుకు పెట్టకండి. టీ ధర, పనివారి జీతం, తెరిచే వేళలు, కొత్త సభ్యుల చేరిక, వెయ్యి దాటిన ఏ అప్పైనా సర్వసభ్య సమావేశం తేల్చాలి. రేపటి టిఫిన్ ఏమిటి, పాలు ఎవరి దగ్గర పోయించుకోవాలి, కందిపప్పు ఏ కొట్టులో తేవాలి అన్నవి వంటవారికి, నిర్వాహకుడికి వదిలేయాలి. పనివారి వేళ్లు కాలుతున్న చోట పదిమంది వచ్చి చట్నీలో కారం గురించి ఆజ్ఞలు ఇవ్వడం ప్రజాస్వామ్యం కాదు, ఇద్దరు మంచి వంటవాళ్లను మేము అలాగే పోగొట్టుకున్నాము. పనిచేసేవారికి సభ్యత్వం, కార్యవర్గంలో కనీసం ఒక స్థానం ఉండాలి. వారి కూలి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనానికి ఒక్క రూపాయి కూడా తగ్గకూడదు.

ప్రతి రాత్రి మూసేముందు గుమ్మం పక్క నల్లబల్ల మీద మూడు పద్దులు రాయాలి: ఈ రోజు అమ్మకం, ఈ రోజు ఖర్చు, గల్లాలో ఉన్న నగదు. తెలుగులోను, ఒడియాలోను రాయాలి. సంవత్సరాంతపు ఆడిట్ నివేదిక ఎవరూ చదవరు, ఈ మూడు పద్దులను పాలకు వచ్చిన పిల్లవాడు కూడా చదువుతాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠం చెప్పిన ఊరు మీది. నియమావళిని రిజిస్ట్రేషను కోసం ఒడియాలో దాఖలు చేసినా, సభ్యుల చేతికి ఇచ్చే ప్రతి వారు మాట్లాడే తెలుగులో ఉండాలి, సవర కుటుంబాలు చేరితే వారికి ఎవరైనా చదివి వినిపించాలి. చేరే ఒడియా కుటుంబాలను అతిథులుగా కాక మొదటి రోజు నుంచి సభ్యులుగానే చూడండి. సరిహద్దు ఊళ్లలో తెలుగు సంఘం అన్న పేరుతో మొదలైనది తెలుగువారిలో కూడా కొందరికే మిగులుతుంది.

కులం సంగతి మొహమాటం లేకుండా రాస్తున్నాను. వేరే గ్లాసు, వేరే బల్ల అన్న పద్ధతి మన టీ హోటళ్ల చరిత్రలో ఉంది, అంటరానితనాన్ని రాజ్యాంగంలోని 17వ అధికరణం రద్దు చేసినా కొన్ని చోట్ల అది కాగితపు కప్పు రూపంలో మళ్లీ వచ్చింది. ఒకటే రకం గ్లాసు, అందరికీ ఒకటే కడుగు తొట్టి, వంటింట్లో ఎవరికైనా పని అన్న మూడు నియమాలు మొదటి పేజీలో ఉండాలి. మూడోదే కష్టమైనది. పక్కన కూర్చోవడానికి ఒప్పుకున్నవారు కూడా ఫలానా మనిషి వండితే తినమంటారు. ఈ మాట హోటలు తెరవకముందే సమావేశంలో బయటపడాలి. దాని వల్ల పదిమంది సభ్యులు తగ్గితే తగ్గనివ్వండి. మా మొదటి హోటలులో ఆ చర్చను వాయిదా వేసి, వంట పనికి వచ్చిన ఒక మంచి మనిషిని గిన్నెలు కడిగే పనికే పరిమితం చేశాము. ఆ తప్పు నన్ను ఈనాటికీ బాధిస్తుంది.

రిజిస్ట్రేషను గురించి మీ బంధువులు పాతపట్నం నుంచో, టెక్కలి నుంచో ఒక సలహా ఇస్తారు: పదిమంది చేరితే 1995 నాటి మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం కింద సులువుగా సంఘం పెట్టుకోవచ్చునని. అది నిజమే, కాని ఆంధ్రప్రదేశ్‌లో. మీ హోటలు ఒడిశాలో ఉంటుంది కనుక 1962 నాటి ఒడిశా సహకార సంఘాల చట్టం కిందనే, సహాయ రిజిస్ట్రారు కార్యాలయం ద్వారా నమోదు కావాలి. ఏటి అవతలి బంధువులను కూడా సభ్యులుగా చేర్చుకుని రెండు రాష్ట్రాల సంఘం పెట్టాలనుకుంటే 2002 నాటి బహుళ రాష్ట్ర సహకార సంఘాల చట్టం వర్తిస్తుంది, అప్పుడు ఒక్కొక్క రాష్ట్రం నుంచి కనీసం యాభైమంది ఉండాలి. మీకు అది అక్కరలేదు. 1860 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురితో నమోదు సులువు గాని, మిగులును సభ్యులకు పంచడానికి అది వీలివ్వదు. వీటితో పాటు ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి, పురపాలక సంఘం అనుమతి, వంటవారికి వైద్య పరీక్ష పత్రం తీసుకోవాలి. ఇంటి సిలిండరు వాడటం నేరం, వాణిజ్య సిలిండరే వాడాలి. ఏడాది అమ్మకం ఇరవై లక్షలు దాటితే జీఎస్టీ నమోదు కూడా అవసరం, పైన వేసిన లెక్క ప్రకారం మీరు పన్నెండు లక్షల దగ్గర ఉంటారు.

వీటిలో దేనికీ వెంటనే పరుగెత్తకండి. ముందు మూడు నెలలు, ఎవరి వసారాలోనైనా వారానికి రెండు సాయంత్రాలు కూడండి, ఇంటి నుంచి తెచ్చిన ఫ్లాస్కులతో టీ, అందరూ వంతులవారీగా. అమ్మకం వద్దు. వచ్చినవారిలో ఆడవాళ్లు ఎందరు, పేటలోని ఏ వీధి నుంచి ఎవరూ రావడం లేదు అన్నది మాత్రం ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఇరవై నాలుగు సాయంత్రాల తరువాత ఆడవాళ్లు మూడోవంతైనా లేకపోతే, లేదా ఒక వీధి మొత్తం దూరంగా ఉండిపోతే, అద్దెకు ఇల్లు తీసుకోకండి, ఆ వీధికి వెళ్లి కారణం అడగండి. సంఖ్య సరిపోతే అప్పుడు నియమావళి రాయండి. అందులో చాలామంది వదిలేసే ఒక అంశాన్ని తప్పక చేర్చండి: హోటలు మూయవలసి వస్తే ఎంతమంది ఓటుతో మూయాలి, బయటి బాకీలు ముందు ఎలా తీర్చాలి, మిగిలిన డబ్బులో సభ్యుల వాటా ఎన్ని నెలలలో తిరిగి ఇవ్వాలి, పాత్రలు, బల్లలు ఎవరికి చెందాలి. మేము ఇది రాసుకోలేదు. మూసిన తరువాత రెండు సంవత్సరాల పాటు పన్నెండు ఇత్తడి గిన్నెలు, ఒక ఇడ్లీ పాత్ర, నాలుగు బల్లలు మా ఇంటి వరండాలో ఉండిపోయాయి, వాటిని అమ్మడానికి ఎవరి సంతకం కావాలో ఎవరికీ తెలియలేదు.